విజిల్ ఊది ఫర్మ్‌వేర్ మార్చిన సాయంత్రం

2025 జూన్ 15, ఆదివారం సాయంత్రం. ఓర్వకల్లు దగ్గర మా ఇల్లు.

హాజరైనవారు: నేను. నా భార్య. ఆమె తమ్ముడు, అంటే నా బావమరిది. పక్కనే వెల్డింగ్ షాపు నడిపే భాయ్, కొంతసేపు. ల్యాప్‌టాప్‌లు రెండు. ఒకటి నాది, బాగున్నది. రెండోది బావమరిదిది, మూగబోయినది.

ఆ రోజు డైరీ పేజీ ఇలాగే మొదలవుతుంది. మంగంపేట వైపు ముగ్గురాయి గనిలో బ్లాస్టింగ్ ఫోర్‌మన్‌గా పనిచేసిన రోజుల నుంచి నాకు అదే పద్ధతి. ఎవరెవరు ఉన్నారో రాసుకోకుండా రంధ్రంలో మందు కూరనిచ్చేవాణ్ణి కాదు. రిటైరయ్యాక పేల్చడానికి ఏమీ మిగల్లేదు కానీ పద్ధతి మిగిలింది. ఇప్పుడు దాన్ని కంప్యూటర్ల మీద వాడుతున్నాను. చుట్టాల ల్యాప్‌టాప్‌లు ఏవి మొండికేసినా మా ఇంటికే వస్తాయి. ఆ ఆదివారం వచ్చిన దాన్ని మాత్రం మిగతావాటితో కలపలేను. ఇది రాస్తుంటే ఇప్పటికీ చేతిలో కలం తొందరపడుతోంది.

నా బావమరిది నందికొట్కూరులో సైన్సు మాస్టారుగా ఉండేవాడు. చూపు కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చి, ఒకనాటికి పూర్తిగా పోయింది. బడి మానుకున్నాడు. కానీ ఊరికే కూర్చోలేదు. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటుందని విని, దాన్ని ఎవరి సాయమూ లేకుండా నేర్చుకున్నాడు. వేళ్లు మీటల మీద పరిగెడతాయి, ల్యాప్‌టాప్ గబగబా మాట్లాడుతుంది, అతను తల ఊపుతూ వింటాడు. చూపు కొత్తగా పోయినవాళ్లకు కంప్యూటర్ నేర్పే సంస్థ ఒకటి అతని సంగతి తెలుసుకుని, సోమవారం ఉదయం పది గంటలకు ఆన్‌లైన్‌లో ఒక నమూనా పాఠం చెప్పమంది. తన ల్యాప్‌టాప్ మాట్లాడేది విద్యార్థులకు వినిపిస్తూ పాఠం చెప్పాలి. అది నచ్చితే ఉద్యోగం. బడి వదిలిన తర్వాత మళ్లీ మాస్టారు అనిపించుకునే మొదటి అవకాశం అతనికి అదే.

సరిగ్గా దానికి ముందు శుక్రవారం ల్యాప్‌టాప్ మాట్లాడటం మానేసింది.

శనివారం మధ్యాహ్నం బస్సు దిగి, కర్ర తాటించుకుంటూ వచ్చి, సంచి నా ముందు పెట్టాడు.

"బావా, నాకు కండ్లు పోయినాయి, దీనికి గొంతు పోయినాది. ఇద్దరం సరిపోయినాము. ఏమన్నా చేస్తావా, లేదా మమ్మల్నిద్దర్నీ ఈన్నే పెట్టుకుంటావా?"

"నిన్ను పెట్టుకుంటాలేప్పా, అది మాత్రం వద్దు" అన్నాను.

మొదట సులువు దారులు చూశాం. నా ల్యాప్‌టాప్ తీసుకొమ్మన్నాను. అతను నవ్వాడు. "నీ ఇంట్లో కుర్చీ యాడుండాదో నాకు తెలుసా బావా? ఎల్లుండి పాఠం చెప్తా చెప్తా తడుముకోవాల్నా?" తన ల్యాప్‌టాప్‌లో ఏ మీట దేనికో, ఏ గొంతు ఎంత వేగమో అన్నీ తనకు తగ్గట్టు పెట్టుకున్నాడు. ఒక్క రోజులో వేరే దాంట్లో అవన్నీ కుదరవు. వైరు లేని ఇయర్‌ఫోన్లు తగిలించి చూశాం. అవి పనిచేశాయి కానీ ప్రతి మాటలోనూ మొదటి అక్షరం మింగేశాయి. మైకు సంగతి చెప్పనే అక్కర్లేదు. బయట తగిలించే చిన్న సౌండ్ కార్డు కోసం కర్నూలు షాపులకు ఫోన్లు చేశాం. ఒకరి దగ్గర లేదు, ఇంకొకరు సోమవారం సాయంత్రం రమ్మన్నారు.

ఇక డ్రైవర్ల మీద పడ్డాను. డ్రైవర్ అంటే, తెలియనివాళ్లకు చెబుతున్నాను, ఒక రకం దుబాసీ. స్పీకరు భాష ఒకటి, విండోస్ భాష ఒకటి. మధ్యలో దుబాసీ లేకపోతే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ కూర్చుంటారు. శనివారమంతా విండోస్‌లో సౌండ్ డ్రైవర్ తీయడం, మళ్లీ వేయడం, పాతది వేయడం, కొత్తది వేయడం. ఏది చేసినా ఒకటే జవాబు. ఈ యంత్రంలో సౌండ్ పరికరమే లేదు పొమ్మంటుంది.

ఆదివారం మధ్యాహ్నం అన్నం తింటూ బావమరిది ఉన్నట్టుండి చెయ్యి ఆపాడు.

"బావా, లినక్స్ తెరిచి చూసినావా?"

అతని ల్యాప్‌టాప్‌లో రెండు కాపురాలున్నాయి. లోకంతో పనికి విండోస్, తన సొంత రాతకోతలకు లినక్స్. మీట నొక్కగానే ఏది కావాలని అడుగుతుంది. చేతులు కడుక్కుని లినక్స్ తెరిచాను. అక్కడా అంతే. పరికరం లేదు.

"లేదంటాండాది" అన్నాను.

"రెండిట్లోనూనా?"

"రెండిట్లోనూ."

"ఆ దుబాసీ వేరు, ఈ దుబాసీ వేరు. ఇద్దరూ ఒక్కసారే పడకేస్తారా బావా?"

ఇద్దరం ఒకేసారి నిలబడ్డాం. ఒక్క విండోస్‌లోనే పోయుంటే తప్పు డ్రైవర్‌ది. రెండింటిలోనూ పోయిందంటే తప్పు ఆ రెండింటికీ కింద ఉంది. విండోస్, లినక్స్ ఏదీ లేవకముందే లేచి, ఇదిగో కీబోర్డు, ఇదిగో స్పీకరు అని వాటికి అప్పజెప్పేది ఒకటుంది. దాన్నే ఫర్మ్‌వేర్ అంటారు. అదే స్పీకరును అప్పజెప్పడం మానేస్తే పైవాళ్లు ఏం చేస్తారు? నాకు ఒళ్లు ఝల్లుమంది. గనిలో రాయి ఎటు పగులుతుందో ఒక్కసారిగా అర్థమైనప్పుడు ఇలాగే ఉండేది.

నా ల్యాప్‌టాప్‌లో ఆ కంపెనీ పేజీ తెరిచాను. ఈ మోడలుకు కొత్త ఫర్మ్‌వేర్ ఉంది. కింద, ఇందులో ఏమేం సరిచేశారో రాశారు. కొన్ని సందర్భాల్లో ఆడియో పరికరం కనిపించకుండా పోయే సమస్య తొలగించాం అని ఒక వాక్యం. పైకి చదివాను. బావమరిది మళ్లీ చదవమన్నాడు. చదివాను. ఇంకోసారి అన్నాడు.

దాని కిందే ఎర్ర అక్షరాల్లో ఇంకో వాక్యం ఉంది. అదీ చదివాను. మధ్యలో కరెంటు పోతే యంత్రం మళ్లీ లేవకపోవచ్చు.

నా భార్య కంచాలు తీస్తూ విన్నది. "రేపు పరీక్ష పెట్టుకోని ఈ పొద్దు దాన్ని చంపుకుంటారా ఎవురైనా? గాలి చూడు ఎట్లా తిరుగుతాండాదో. కరెంటు ఉండేదా పాడా."

ఆమె మాటలో న్యాయముంది. ఆ వారమంతా సాయంత్రమైతే దుమ్ముగాలి లేచి కరెంటు ఊగిసలాడుతోంది. మా ఇన్వర్టర్ బ్యాటరీ ఎండలకే చచ్చిపోయింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ పాతది. నిండుగా ఉన్నానని చెప్పి కాసేపటికే కూలబడే రకం.

నేను బావమరిది వైపు చూశాను. నిర్ణయం అతనిది.

"గొంతు లేకపోతే అది ఉండీ లేనట్టే అక్కా" అన్నాడు. "చేద్దాం బావా. నీ పద్ధతి ప్రకారమే చేద్దాం."

నా పద్ధతి అన్నాడు కదా, ఇక నన్ను ఆపేవాళ్లు లేరు.

ఫర్మ్‌వేర్ మార్చడానికి దారులు కొన్ని ఉన్నాయి. విండోస్‌లోంచి చేయవచ్చు. కొన్ని కంపెనీలవైతే లినక్స్‌లోంచి కూడా ఒక్క ఆదేశంతో దిగుతుంది, కానీ ఈ మోడలుకు అక్కడ కొత్తది ఇంకా పెట్టలేదు. నేను మూడో దారి ఎంచుకున్నాను. ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, రెండు సిస్టమ్‌లూ నిద్రలో ఉండగానే, ఫర్మ్‌వేర్ సొంత తెరలోంచి చేయడం. మధ్యలో వేరే ఏ ప్రోగ్రామూ వచ్చి వేలు పెట్టదు. ముందుగా అతని పాఠం ఫైళ్లన్నీ నా ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. విండోస్ డిస్కుకు వేసిన తాళాన్ని తాత్కాలికంగా తీశాను. తీయకపోతే కింద ఏదో మారిందని అనుమానపడి రికవరీ కీ అడుగుతుంది. విండోస్‌కు కొత్త సౌండ్ డ్రైవర్‌ను కూడా అదే పెన్‌డ్రైవ్‌లో పెట్టాను.

తర్వాత కాపలా. గనిలో మందు పేల్చే ముందు దారులన్నిటి దగ్గరా మనుషుల్ని నిలబెట్టేవాళ్లం. ఇక్కడ మొదటి శత్రువు పక్క షాపు. భాయ్ వెల్డింగ్ అంటించినప్పుడల్లా మా ఇంట్లో లైట్లు కిందికి దిగుతాయి. వెళ్లి అడిగాను. ఆయన ఒక పెద్ద ఇంటి గేటు చేస్తున్నాడు. కళ్లకు పెట్టుకున్న డాలు పైకెత్తి విన్నాడు.

"కంప్యూటర్‌కు ఆపరేషనా సార్? ఎంతసేపు?"

"కొంచెంసేపే భాయ్. మొదలుపెట్టగానే విజిల్ ఊదుతా."

"అట్లయితే నేనూ వచ్చి చూస్తా. గేటు యాడికీ పోదు." మెషిన్ ఆపేసి, చేతులు తుడుచుకుంటూ నా వెంటే వచ్చాడు.

రెండో కాపలా మా మెయిన్ స్విచ్ దగ్గర. ఫ్రిజ్ ప్లగ్ తీయించాను, మోటరు జోలికి వెళ్లొద్దన్నాను. "నువ్వు ఈన్నే నిలబడు. ఎవర్నీ ముట్టుకోనీయకు" అని నా భార్యతో చెప్పాను.

"నన్నూ మైన్స్‌లో చేర్చుకున్నావా? జీతమెంత?" అంటూనే నిలబడింది.

గనిలో లాగే వాకిలికి ఎర్ర గుడ్డ కట్టాను. ఇది అవసరం లేదని నాకూ తెలుసు. అయినా కట్టాను. బీరువాలోంచి నా పాత విజిల్ తీశాను.

ల్యాప్‌టాప్ మొదలుపెట్టి, మీట నొక్కి పట్టుకుని, ఫర్మ్‌వేర్ తెరలోకి వెళ్లాను. నీలం రంగు తెర. ఇంతదాకా బావమరిది ఏ పనికీ ఎవరి కళ్లూ అడగలేదు. ఇక్కడ మాత్రం తప్పదు. గొంతు బాగున్న రోజుల్లో కూడా ఈ తెర మాట్లాడదు. చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ విండోస్‌తోనో లినక్స్‌తోనో లేస్తుంది. ఇక్కడ ఇంకా ఎవరూ లేవలేదు.

"చదువు బావా. మింగొద్దు. ప్రతి అక్షరం."

చదివాను. మోడలు పేరు, పాత వెర్షను, కొత్త వెర్షను. ఫైలు ఈ మోడలుదేనని అతను విని ఒప్పుకున్నాడు. ఛార్జర్ పెట్టి ఉందా అని అడిగింది. ఉంది. బ్యాటరీ చాలినంత ఉందని అదే చెప్పింది. ఇక ఒక్క మీట మిగిలింది.

"నువ్వే నొక్కప్పా. యంత్రం నీది" అని అతని వేలు దాని మీద పెట్టాను.

నొక్కాడు. గీత మెల్లగా నిండటం మొదలుపెట్టింది. నాకు ఉత్సాహం ఆగలేదు. విజిల్ నోట్లో పెట్టుకుని, పేల్చేముందు ఊదే పొట్టి విజిళ్లు గట్టిగా ఊదాను.

మెయిన్ దగ్గర టక్ మని చప్పుడైంది. నెత్తి మీద ఫ్యాను నెమ్మదించింది.

తిరిగి చూశాను. నా భార్య చెయ్యి మెయిన్ మీదే ఉంది. మెయిన్ కిందికి దిగి ఉంది. ఆమె నా ముఖం చూస్తోంది, నేను ఆమె ముఖం చూస్తున్నాను.

విషయం ఇది. గని క్వార్టర్స్‌లో ఒక ఆచారం ఉండేది. పేలుడు విజిల్ వినబడగానే ఆడవాళ్లు అలమరలోని గిన్నెలు కిందికి దించి, మెయిన్ తీసేసేవారు. ఎందుకని ఎవరూ అడగలేదు. కాపురానికి కొత్తగా వచ్చినవాళ్లకు పాతవాళ్లు నేర్పేవారు, అంతే. నా భార్య నా ఉద్యోగం ఉన్నన్నాళ్లూ రోజూ ఆ పని చేసింది. అలాంటి మనిషిని ఏరి కోరి మెయిన్ పక్కనే నిలబెట్టి, అదే విజిల్ ఊదాను నేను.

"అయ్యో, నువ్వే గదప్పా ఊదితివి! చెయ్యి దానంతట అదే పాయె!" అంది.

"యా అల్లా" అన్నాడు భాయ్, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని. "వెల్డింగ్ ఆపమని నన్ను పిలుచుకొచ్చి, ఇంట్లోవాళ్లే కరెంటు తీసేస్తిరే!"

తెర వెలుతురు కాస్త తగ్గింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. గీత ఇంకా కదులుతూనే ఉంది.

"మళ్లీ వేస్తా" అని ఆమె చెయ్యి ఎత్తింది.

"ముట్టుకోవద్దు!" అని అరిచాను. మందుకు నిప్పు అంటించాక ఏదీ మార్చకూడదు. అది నా ఒంట్లో ఇంకిపోయిన నియమం.

"బావా, ఈ బ్యాటరీ సంగతి నీకు తెల్దు, నాకు తెలుసు. ఇది శానాసేపు మోయదు" అన్నాడు బావమరిది. గొంతు పెంచలేదు. "ఇది నీ గని కాదు, నా ల్యాప్‌టాప్. వెయ్యక్కా."

ఆమె నా వైపు చూడలేదు. తమ్ముడి మాట విని మెయిన్ ఎత్తింది. ఫ్యాను తిరిగింది. ఛార్జర్ దగ్గర చిన్న దీపం వెలిగింది. ఊపిరి తీసుకున్నాం.

ఆ ఊపిరి వదిలేలోపే తెర పూర్తిగా నల్లబడింది.

ల్యాప్‌టాప్ లోపలి ఫ్యాను కూడా ఆగిపోయింది. నల్లగా ఉందని అతనికి చెప్పాను. అతని చెయ్యి మెల్లగా పవర్ మీట వైపు పాకింది. మణికట్టు పట్టుకున్నాను.

"వదులు బావా. ఒక్కసారి నొక్కితే లేస్తాదేమో."

"లేదప్పా. ఇప్పుడు నా మాట విను. పేలని మందు దగ్గరికి వెంటనే పోకూడదు. అది చచ్చిందో, లోపల పని చేస్తాందో బయట నుంచి తెలీదు. పోయినోళ్లంతా తొందరపడి పోయినోళ్లే."

మణికట్టు అలాగే పట్టుకున్నాను. భాయ్ పెదవులు ప్రార్థనతో కదులుతున్నాయి. నా భార్య రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, మెయిన్‌కు దూరంగా గోడకు ఆనుకుంది. బయట దుమ్ముగాలి వాకిట్లో ఎర్ర గుడ్డను టపటప కొడుతోంది.

"వచ్చె" అన్నాడు బావమరిది.

తెర నల్లగానే ఉంది. "ఏం రాలేదే?"

"ఫ్యాను బావా. తిరుగుతాండాది. విను."

నాకు ఏమీ వినబడలేదు. తర్వాత కంపెనీ గుర్తు తెర మీద వెలిగింది. నా కంటికి కనిపించేసరికి అతను అప్పటికే నవ్వుతున్నాడు.

పని ముగించుకుని తనంతట తనే ఆరి లేచిందన్నమాట. విండోస్ లేచింది. సౌండ్ పరికరం కనిపించింది, కానీ గుర్తు తెలియని పరికరమని రాసి ఉంది. మనిషి వచ్చాడు, దుబాసీ ఇంకా రాలేదు. పెన్‌డ్రైవ్‌లోంచి కొత్త డ్రైవర్ వేశాను. మళ్లీ మొదలుపెట్టమంది. మళ్లీ మొదలుపెట్టాను. తెర వచ్చింది. బావమరిది రెండు వేళ్లతో ఏదో మీట నొక్కాడు.

ల్యాప్‌టాప్ మాట్లాడింది! గబగబా, ఊపిరి తీసుకోకుండా, నాకు ఒక్క ముక్క అర్థం కాకుండా మాట్లాడింది. బావమరిది కుర్చీలోంచి లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, "ఓహో!" అని కేక పెట్టాడు. నేను అతన్ని కావలించుకున్నాను. భాయ్ మా ఇద్దరి వీపులూ చరిచాడు.

"అదేం మాటప్పా, మంగలంలో శనగలు ఏంచినట్టుండాది" అంది నా భార్య, కళ్లు తుడుచుకుంటూ. "అది నీకు అర్థమైతాందా?"

"ఏమంటాందో తెలుసా అక్కా? ఛార్జర్ పెట్టినావు, మళ్లీ మీ అక్క తీసేయక ముందే పని కానియ్ అంటాంది."

"నీ నోట్లో మన్నుపడ!"

సంతోషంలో లినక్స్ మాట మరిచిపోయాం. తీరా చూస్తే, ఏది కావాలని అడిగే పట్టికే మాయమైంది. ఫర్మ్‌వేర్ మారినప్పుడు ఎవరు ముందు లేవాలన్న వరస మరిచిపోయింది. మళ్లీ నీలం తెరలోకి వెళ్లి, లినక్స్‌ను వరసలో పైకి జరిపాను. పట్టిక వచ్చింది. లినక్స్‌కు వేరే డ్రైవర్ వెతకాల్సిన పని పడలేదు. దాని దుబాసీ ఇంట్లోనే ఉన్నాడు, పరికరం కనబడగానే తనే మాట కలిపాడు. పద్ధతి కోసం ఒకసారి అప్‌డేట్ చేసి, మళ్లీ మొదలుపెట్టి చూశాను. అక్కడా అవే శనగలు.

మరుసటి ఉదయం.

పొద్దున్నే భాయ్ వచ్చాడు. గేటువాళ్లు తొందరపెడుతున్నారట. గ్రైండరు చప్పుడు మైకులో పడుతుంది, పాఠం అయ్యేదాకా ఆగమని అడిగాను.

"సరే సార్. అయిపోయినంక విజిల్ ఊదండి, అప్పుడు మొదలుపెడతా." వెళ్తూ వెళ్తూ ఆగాడు. "మేడమ్‌కు మాత్రం ముందే చెప్పండి."

పదింటికి బావమరిది ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. అవతల వింటున్నవాళ్లకు ఆ చొక్కా కనబడదు. అయినా మాస్టారు కదా. నేను, నా భార్య వంటింటి గడపలో కూర్చున్నాం. ల్యాప్‌టాప్ వేగాన్ని బాగా తగ్గించాడు. అది నిదానంగా ఒక్కొక్క మాటా పలుకుతుంటే నాకూ అర్థమైంది. బొమ్మ లేకుండా, తెర లేకుండా ఒక ఫోల్డర్ ఎలా తెరవాలో చెప్పాడు. బడిలో చెప్పిన గొంతుతోనే చెప్పాడు. మధ్య మధ్య ప్రశ్న వేసి, జవాబు వచ్చేదాకా ఆగాడు.

చివర్లో ఒకావిడ గొంతు వినిపించింది. చూపు పోయి కొద్ది నెలలే అయిందట. "సార్, తప్పు బటన్ నొక్కితే చెడిపోతుందా? నాకు ముట్టుకోవాలంటేనే భయంగా ఉంది."

బావమరిది నవ్వాడు. "అమ్మా, నిన్న సాయంత్రం ఈ ల్యాప్‌టాప్‌కు గుండె మారుస్తాంటే మా అక్క కరెంటు మెయిన్ తీసేసింది. అయినా బతికి ఈ పొద్దు మీతో మాట్లాడుతాండాది. మీ వేలుకు అంత బలముంటాదా? నొక్కండి, చూద్దాం."

అవతల అందరూ నవ్వారు. ఆమె నొక్కింది. వాళ్ల వైపు నుంచి ఒక యంత్రం "డాక్యుమెంట్స్" అని పలికింది. ఆమె "ఆఁ" అంది, చిన్నపిల్లలా.

సంస్థ పెద్దాయన చివరిదాకా వింటూనే ఉన్నారు. అందరూ వెళ్లాక, "మాస్టారూ, వచ్చే సోమవారం నుంచి మొదలుపెడదాం. చివర్లో అడిగినావిడను మీ బ్యాచ్‌లోనే వేస్తున్నాం" అన్నారు.

బావమరిది ల్యాప్‌టాప్ మూసి, దాని మీద రెండు చేతులూ పెట్టాడు. తర్వాత తల ఎత్తాడు.

"బావా, నిన్న ఒకటి మరిచిపోతివి. అంతా క్షేమం అని పొడుగు విజిల్ ఊదాల గదా?"

నిజమే, మరిచిపోయాను. ఉద్యోగంలో ఎన్నడూ మరవలేదు. విజిల్ తీసుకుని వాకిట్లోకి వెళ్లి, ఎర్ర గుడ్డ విప్పి, ఊపిరి ఉన్నంతసేపు ఒకే పొడుగ్గా ఊదాను. పక్క షాపులో వెల్డింగ్ అంటుకుంది. మా ఇంట్లో లైటు కాస్త దిగింది. వెనక్కి తిరిగి చూస్తే నా భార్య మెయిన్ ముందు నిలబడి ఉంది, రెండు చేతులూ కొంగులో గట్టిగా చుట్టుకుని.